నిలువ నీళ్ళలో నిజమైన గాలం



ఈ నెల మేము వ్రాయబోయే సంగతి మన పల్లెలకు దూరమైనది. ఇంగ్లండు దేశపు చెరువులలో చేపలు పట్టే విధానం గురించి. "అయ్యగారికి ఈ గొడవ ఎందుకు?" అని మీలో కొందరు అనుకోవచ్చు. అయినా చివరివరకు చదవమని మా మనవి. ఎందుకనగా ఈ ప్రశ్న మన సంఘపు బిడ్డ దగ్గర నుండే మాకు వచ్చింది.

ఆ అబ్బాయి భార్య అక్కడ ఆసుపత్రిలో నర్సు. అతడు ఒక గోదాములో పని చేస్తాడు. పక్కింట్లో డెబ్బై దాటిన ఒక పెద్దాయన, భార్య చనిపోయి ఒంటరిగా ఉంటున్నాడు. ఆ పెద్దాయనే ఇతనికి ఫ్లై ఫిషింగు నేర్పాడు. రెండేళ్ళపాటు శనివారం వస్తే ఇద్దరూ దగ్గరలోని రిజర్వాయరుకు కలిసి వెళ్ళేవారు. తరువాత మనవాడు గట్టు మీద ఇతరుల దగ్గర కొత్త పద్ధతులు నేర్చుకున్నాడు. చేపలు బాగా పడసాగాయి. పెద్దాయన సంచి మాత్రం ఖాళీగా ఇంటికి వచ్చేది. ఒకనాడు ఆయన, "నువ్వు చేసేది ఫ్లై ఫిషింగు కాదు" అన్నాడట. ఆ మరుసటి శనివారం నుండి రావడం మానుకున్నాడు.

"అయ్యగారూ, నేను టికెట్టు కొన్నాను. లెక్కకు మించి ఒక్క చేప కూడా తేలేదు. అక్కడి నియమాల ప్రకారం నేను చేసింది తప్పు కాదు. మరి ఆయన ఎందుకు నొచ్చుకున్నాడు? అసలు ఏది నిజమైన ఫ్లై ఫిషింగు? మీరు చెరువు గట్టున పుట్టినవారు కదా, చెప్పండి" అని ఉత్తరం. దానితోపాటు రెండు మూడు పుస్తకాలు కూడా పంపాడు. మేము వాటిని శ్రద్ధగా చదివాము. మాకు అర్థమైనంత ఇక్కడ మీ ముందు ఉంచుతున్నాము.

ముందుగా మన గాలం సంగతి గుర్తు చేసుకుందాము. వెదురు కర్ర, దారం, బెండు, చిన్న సీసపు గుండు, కొక్కెం, దానికి వానపాము. విసిరినప్పుడు గుండు బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఎర వాసనకు చేప వస్తుంది. బెండు మునిగితే లాగుతాము. ఇందులో దాపరికం ఏమీ లేదు. చేపకు తిండి పెట్టి పట్టుకోవడమే.

ఫ్లై అంటే ఈగ. అది నిజమైన ఈగ కాదు. కొక్కేనికి పట్టు దారంతో కోడి ఈకలు, నెమలి ఈక పోగులు, కుందేలు వెంట్రుకలు చుట్టి పురుగులాగా తయారు చేస్తారు. మన దేశపు కోడిపుంజుల మెడ ఈకలు ఈ పనికి చాలాకాలంగా విదేశాలకు వెళుతున్నాయని తెలిసి మాకు ఆశ్చర్యం కలిగింది. ఆ ఈకల ఈగకు బరువు దాదాపు ఉండదు. మరి ముప్పై గజాల దూరం ఎలా వెళుతుంది? అందుకని దారాన్నే లావుగా, బరువుగా చేస్తారు. పది అడుగుల కర్రను వెనక్కి, ముందుకు ఊపినప్పుడు కర్ర వంగి ఆ దారాన్ని విసురుతుంది. దారం వెంట ఈగ వెళుతుంది. మన గాలంలో ఎరవైపు బరువు దారాన్ని తీసుకుపోతే, ఇక్కడ దారం బరువు ఎరను తీసుకుపోతుంది. ఈ ఒక్క భేదం జ్ఞాపకం ఉంచుకోండి. తరువాత పనికి వస్తుంది.

ఇది పాత విద్య. 1496లో ఇంగ్లండులో అచ్చయిన ఒక చేపల గ్రంథంలోనే పన్నెండు రకాల ఈగలు కట్టే విధానం ఉంది. 1653లో ఐజాక్ వాల్టన్ 'ది కంప్లీట్ యాంగ్లర్' అనే ప్రసిద్ధ గ్రంథం వ్రాశాడు. దైవజనులైన జాన్ డన్, జార్జి హెర్బర్టుల జీవిత చరిత్రలు వ్రాసినది కూడా ఈయనే. విశేషమేమంటే, చేపల వేటకు పితామహుడు అనదగిన ఈ వాల్టన్ ప్రధానంగా వానపాములతోనూ కప్పలతోనూ చేపలు పట్టిన మనిషి. ఈగల గురించిన పూర్తి భాగాన్ని ఆయన స్నేహితుడు చార్లెస్ కాటన్ 1676 నాటి ముద్రణకు వ్రాసి ఇచ్చాడు. వేరే పద్ధతివాడని వాల్టన్ అతనిని దూరం చేసుకోలేదు. తన పుస్తకంలోనే చోటు ఇచ్చాడు.

ఆ తరువాత వచ్చినవారికి అంత విశాల హృదయం లేకపోయింది. దక్షిణ ఇంగ్లండులోని తేటనీటి సుద్ద ఏరుల మీద ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ అనే ఆయన 1886లో ఒక గ్రంథం వ్రాశాడు. నీటి మీద తేలే ఈగనే, పైకి వచ్చి మేస్తున్న చేపకే, అదీ ప్రవాహానికి ఎదురుగా వేయాలని ఆయన పక్షంవారి పట్టుదల. నీటి లోపల ఈగ వేయడం వారి దృష్టిలో పెద్దమనిషి చేయవలసిన పని కాదు. జి. ఇ. ఎమ్. స్క్యూస్ అనే న్యాయవాది దీనికి ఒప్పుకోలేదు. చేప తినేదానిలో ఎక్కువ భాగం నీటి లోపలే ఉంది గదా, ఇంకా రెక్కలు రాని పిల్లపురుగు రూపాన్ని కట్టి వేస్తే తప్పేమిటి అని 1910లో తన పుస్తకంలో వాదించాడు. ఈ తగవు ఎంతకాలం నడిచిందంటే, 1938లో లండనులోని ఫ్లై ఫిషర్స్ క్లబ్బులో దీని మీద ప్రత్యేకంగా చర్చ పెట్టారు. అప్పటికి స్క్యూస్ వయస్సు ఎనభైకి దగ్గర. యాభై ఏళ్ళకు పైగా తాను గాలం వేసిన ఇచెన్ నది ఒడ్డును ఆయన ఆ ఏడాదే విడిచిపెట్టాడు. నేడు ఆ పిల్లపురుగు పద్ధతిని దొంగతనం అనేవారు అరుదు. ఒక ముసలివాడు తన నది ఒడ్డును విడిచిన సంగతి మాత్రం పుస్తకంలో అలాగే నిలిచి ఉంది.

ఇక నిలువ నీళ్ళకు వద్దాము. నదికి ప్రవాహం ఉంటుంది, ఈగను అదే తీసుకుపోతుంది. చెరువులో నీరు కదలదు. చేపే తిరుగుతూ మేస్తుంది. పట్టణాలకు తాగునీటి కోసం కట్టిన పెద్ద రిజర్వాయర్లలో అక్కడివారు ట్రౌట్ చేపలు వదిలారు. బ్రిస్టల్ నగరం కోసం కట్టిన బ్లాగ్డన్ చెరువులో 1904లో గాలాలు మొదలయ్యాయి. 1956లో చ్యూ వ్యాలీ, 1966లో గ్రాఫమ్, 1970ల చివర రట్లండ్ వాటర్ వచ్చాయి. ఈ రట్లండ్ సుమారు 3,000 ఎకరాలు. దాని ఒడ్డున నార్మంటన్ అనే పాత దేవాలయం ఉంది. నీరు పెరిగితే సగం మునిగిపోయేది. అక్కడి ప్రజలు ఊరుకోలేదు. కింది భాగాన్ని రాళ్ళతో నింపి, నేలను ఎత్తు చేసి, చుట్టూ కట్ట పోసి నిలబెట్టారు. ఇప్పుడు అక్కడ సంఘ ఆరాధన లేదు గాని, గోపురం నీటి అంచున నిలిచే ఉంది.

చెరువులో ట్రౌట్ ఏమి తింటుంది? దీనిని శ్రద్ధగా పరిశీలించిన తొలివారిలో బ్లాగ్డన్ ప్రాంతపు వైద్యుడు హోవర్డ్ బెల్ ఒకడు. తొలి రోజులలో అక్కడివారు సాల్మన్ చేపలకు వాడే పెద్ద పెద్ద ఈగలను వేసేవారు. ఈ డాక్టరు పట్టిన చేప పొట్ట విప్పి, లోపల ఉన్న పురుగులను చూసి, వాటి రూపంలో చిన్న చిన్న ఈగలు కట్టాడు. ఆ పురుగులలో ముఖ్యమైనది అక్కడివారు 'బజర్' అని పిలిచే, కుట్టని దోమజాతి పురుగు. అది అడుగు బురదలో ఎర్రని పురుగుగా పెరిగి, గూటి దశలో మెల్లగా పైకి లేచి, నీటి పైపొర కింద కొంతసేపు వేలాడి, తరువాత రెక్కలు విప్పుకొని ఎగురుతుంది. అలా లేచేటప్పుడే ట్రౌట్ దానిని మింగుతుంది. కనుక బజర్ కట్టినవాడు దానిని దాదాపు కదలకుండా ఉంచాలి. చేప దానిని పీల్చుకున్నప్పుడు దారం కొస ఒక్క అంగుళం కదులుతుంది. ఆ అంగుళాన్ని చూడగలగడమే అక్కడి విద్య. మన పెద్దాయన నేర్పింది ఇదే.

అయితే చెరువులో ట్రౌట్ పురుగులనే తినదు. వేసవి చివర, శరదృతువులో చేపపిల్లల గుంపుల వెంట పడుతుంది. కంటికి ఆననంత చిన్న నీటి పురుగులను కూడా గుంపులు గుంపులుగా తింటుంది. అందువల్ల చేపపిల్లను పోలిన 'లూర్' అనే పెద్ద ఈగలు వచ్చాయి. 1952లో 'స్టిల్ వాటర్ ఫ్లై ఫిషింగ్' అనే పుస్తకం వ్రాసిన టామ్ ఐవెన్స్, పాలసీసా మూతకు ఉండే బంగారు రంగు రేకుతో ఒక ఈగ కట్టాడు. అది ఏ ఈగనూ పోలి ఉండదు. అయినా ఆ పుస్తకాన్ని ఆ తరంవారు గౌరవంగా చదివారు. కనుక "ఈగను పోలనిది ఫ్లై కాదు" అనే మాట నిలువ నీళ్ళలో డెబ్బై ఏళ్ళ క్రితమే నిలబడలేదు.

మనవాడు నేర్చుకున్నవి రెండు పద్ధతులు. ఒకటి, దారానికి రంగురంగుల బెండు కట్టి, దాని కింద బజర్‌ను వేలాడదీయడం. చేప పడితే బెండు మునుగుతుంది. చిత్రం చూశారా, దేశాలు తిరిగి మన బెండు దగ్గరకే వచ్చారు! రెండవది 'బూబీ'. ఈ ఈగ తలకు రెండు నురగ గుండ్లు కళ్ళలాగా ఉంటాయి. దారం అడుగుకు మునుగుతుంది, ఈగ మాత్రం తేలాలని చూస్తూ నేలకు కాస్త పైన నిలబడుతుంది. కొందరు దానిని విసిరి, కదపకుండా కూర్చుంటారు. అలా కూర్చున్నప్పుడు చేప దానిని గొంతు లోపలికి మింగేస్తుంది. పట్టి వదిలే చోట ఇది క్రూరమవుతుంది. లోతుగా మింగిన చేప కొక్కెం తీసినా బ్రతకడం కష్టం. అందుకే కొన్ని చెరువులలో బూబీని నిషేధించారు.

మరి గీత ఎక్కడ గీయాలి? అంతర్జాతీయ రికార్డులు నమోదు చేసే ఐ.జి.ఎఫ్.ఎ. అనే సంస్థ నియమం సూటిగా ఉంది. దారం బరువే ఎరను తీసుకుపోవాలి గాని ఎర బరువు దారాన్ని కాదు. నడుస్తున్న పడవ వెనుక ఈగను లాక్కుంటూ పోకూడదు. ఇది మంచి గీత అని మాకు తోచింది. దీని ప్రకారం పడవ వెనుక సీసపు దారం లాగేవాడు చేపలు పట్టవచ్చు గాని దానిని ఫ్లై ఫిషింగు అనలేడు. ఈగకు పురుగునో వాసన ద్రవ్యాన్నో తగిలించేవాడు కూడా అనలేడు. ఎందుకనగా అప్పుడు చేప మోసపోయింది ఈకలకు కాదు, తిండికి. బెండు కట్టినవాడు? దారాన్ని విసిరాడు, ఈకల పురుగునే వేశాడు. గీతకు ఇవతలే ఉన్నాడు. బూబీని కదిలిస్తూ లాగేవాడు కూడా ఇవతలే. అడుగున పడవేసి టీ తాగుతూ కూర్చున్నవాడు నియమం దాటకపోవచ్చు. కాని అతడు చేసే పనికీ, వానపాము వేసి కూర్చునే మన పనికీ పెద్ద తేడా మాకు కనబడలేదు.

ఇక్కడ మా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. మాకు పదకొండేళ్ళప్పుడు ఒక సాయంత్రం మా గాలానికి ఏమీ పడలేదు. ఒకాయన చెరువులో కట్టి ఉంచిన వలలో మూరెడు కొర్రమీను చిక్కి కొట్టుకుంటోంది. చుట్టూ ఎవరూ లేరు. దానిని తీసుకుని ఇంటికి వెళ్ళి, "గాలానికి పడింది నాన్నా" అన్నాము. నాన్నగారు ఎంతో సంతోషించి, ఆ రాత్రి వచ్చినవారందరికీ మా గొప్ప చెప్పారు. అమ్మ పులుసు పెట్టింది. మాకు ముద్ద దిగలేదు. మరునాడు ఆ వల యజమాని మా గుమ్మం ముందు నుండే వెళుతూ "బాబూ, నిన్న నీకు పెద్ద చేప పడిందటగా" అని నవ్వాడు. ఆయనకు తెలుసో తెలియదో మాకు ఈనాటికీ తెలియదు. ఆయన బ్రతికి ఉండగా చెప్పుకునే ధైర్యం మాకు రాలేదు. అందుచేత "నియమం దాటలేదు" అని ఎవరైనా అన్నప్పుడు, "మరి ఇంటికి వెళ్ళి ఏమని చెప్పావు?" అని అడగడం మాకు అలవాటయింది.

మేము ఆ అబ్బాయికి ఇలా జవాబు వ్రాశాము:

"బాబూ, నువ్వు చేసింది తప్పు కాదు. బెండు వేసి పట్టితే బెండుతో పట్టానని చెప్పు. బూబీ వేస్తే కదిలిస్తూ వెయ్యి. చేపను వదిలేసేటట్లయితే అసలు వేయవద్దు. ఇంతవరకు చేపల సంగతి. ఇక పెద్దాయన సంగతి. ఆయన నీకు నేర్పింది దారం కొస చూడడం. నువ్వు దానిని వదిలేసి, ఆయన పక్కనే నిలబడి, ఆయనకు పడని చేపలను ఒక్కొక్కటిగా తీశావు. చేపలు పట్టడానికి నీకు హక్కు ఉంది. కాని రెండేళ్ళు చేయి పట్టుకుని నేర్పినవాని ఎదుట ఆ హక్కును అలా వాడావు. ఆయన తలుపు తట్టు. వాదించవద్దు. నీ పద్ధతి సరియైనదని పుస్తకాలు చూపించవద్దు. ఆయన పద్ధతిలో ఒక శనివారం గడుపుదామని అడుగు."

వ్రాసి పంపాక మేము చాలా న్యాయంగా తీర్పు చెప్పామని అనుకున్నాము. నెల దాటాక అతని జవాబు వచ్చింది. దాని సారాంశం ఇది.

అతడు తలుపు తట్టాడు. పెద్దాయన టీ పెట్టి ఇచ్చాడు, చేపల మాట ఎత్తలేదు. శనివారం ఇద్దరూ వెళ్ళారు. మనవాడు బెండు ఇంటి దగ్గరే వదిలి, రెండు బజర్లు మాత్రం కట్టుకున్నాడు. గాలి అలలు రేపుతోంది. మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. అప్పుడు మనవాడు గమనించాడు. పెద్దాయన దారం కొస కదిలింది, ఒకసారి కాదు, మూడుసార్లు. ఆయన చేయి కదలలేదు. నాలుగవసారి మనవాడే "లాగండి!" అని అరిచాడు. ఆలస్యమైపోయింది. పెద్దాయన కర్ర దించి, గట్టు మీద కూర్చుని, చాలాసేపటికి అన్నాడట: "నాకు ఏడాది నుండి దారం కొస కనబడడం లేదు."

ఎవరికీ చెప్పలేదు. కారు నడపనివ్వరేమోనని భయం. చెరువుకు రావడం మానితే ఇంట్లో గోడలే మిగులుతాయని భయం. పక్కన కుర్రవాడు ఎర్రని బెండు చూస్తూ చేప తరువాత చేప తీస్తుంటే, అది ఫ్లై ఫిషింగు కాదని చెప్పడం తప్ప ఆయనకు దారి తోచలేదు.

పాఠకులారా, మేము పుస్తకాలు చదివి, గీతలు గీసి, తీర్పు వ్రాసి పంపాము. ఒక ముసలివాని కళ్ళు మసకబారాయన్న సంగతి మాకు తట్టనే లేదు. గురువుకు బాధ కలిగిందన్నంతవరకే ఊహించగలిగాము. ఏ పద్ధతి నిజమైనదని అడిగినవానికి మేము మొదట అడగవలసిన ప్రశ్న ఒకటి ఉండెను: "ఆయనకు ఒంట్లో బాగుంటోందా?" అది అడగలేదు. మన సంఘాలలో కూడా పెద్దవారు ఒక్కొక్కసారి కొత్త పాటల మీదో, కొత్త మైకు మీదో గట్టిగా కోపపడినప్పుడు మేము సిద్ధాంతం చెప్పి పంపించిన రోజులు ఉన్నాయి. వారిలో ఎందరికి పాటల పుస్తకంలోని అక్షరాలు కనబడడం మానేశాయో ఇప్పుడు లెక్క తీస్తున్నాము.

వాల్టన్ తన గ్రంథంలో అలెగ్జాండర్ నోవెల్ అనే దైవజనుని గురించి వ్రాశాడు. ఆయన లండనులోని సెయింట్ పాల్ మహా దేవాలయంలో ప్రధాన గురువు, ప్రశ్నోత్తరి రచయిత. తన సమయంలో దశమభాగం చేపల వేటకు ఇచ్చేవాడట. అలాగే తన ఆదాయంలో దశమభాగాన్ని, పట్టిన చేపలను దాదాపు అన్నిటిని బీదలకు ఇచ్చేవాడట. ఆ చేపలను ఈగతో పట్టాడా, వానపాముతో పట్టాడా అని ఆ బీదలలో ఎవరూ అడిగి ఉండరు.

మనవాని ఉత్తరంలో చివరి మాటలు మరచిపోయేవి కావు. మరుసటి వారం అతడు పెద్దాయనను కళ్ళ వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాడు. శుక్లాలు ఉన్నాయన్నారు, ఆపరేషనుకు పేరు నమోదు చేశారు. వంతు వచ్చేదాకా శనివారాలు మానలేదు. కారు మనవాడే నడుపుతున్నాడు. పెద్దాయన దారానికి ఇప్పుడు నిమ్మపండంత పెద్ద ఎర్ర బెండు ఉంది. అది కట్టుకున్న మొదటి రోజు ఆయన ముఖం గంటుపెట్టుకునే ఉన్నాడట. బెండు మునిగి ట్రౌట్ పడ్డాక, చేపను వలలోకి తీసుకుంటూ, "ఇది ఇప్పటికీ ఫ్లై ఫిషింగు కాదు సుమా" అన్నాడట.

మనవాడు "కాదు సార్" అన్నాడు. ఇద్దరూ మళ్ళీ విసిరారు.

వచ్చే నెల కలుసుకుందాము. ఈలోగా మీ ఇంటి పెద్దవారిని ఒకసారి దగ్గర కూర్చోబెట్టుకుని, వారికి ఎంతవరకు కనబడుతోందో అడగండి.